మాస్‌ఫెట్ చెయ్యి పెట్టనివ్వట్లేదు: ఇంట్లో చేసిన ఎస్ఎంపీఎస్ ఎందుకు వేడెక్కుతుంది?

జమ్మికుంట తమ్ముడి ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తా, మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కదా. దుకాణంలో సీసీ కెమెరాలకూ ఎల్ఈడీ పట్టీలకూ యూసీ3842 అనే కంట్రోలర్ ఐసీతో 12 వోల్టులు, 5 ఆంపియర్ల ఫ్లైబ్యాక్ రకం ఎస్ఎంపీఎస్ (లైను కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేసి తక్కువ వోల్టుల డీసీ ఇచ్చే సప్లై) చేసుకున్నాడు. లోడు లేకుంటే చల్లగా ఉంటుంది, ఒక ఆంపియర్ దాకా పర్వాలేదు. రెండు ఆంపియర్లు గుంజితే ఐదు నిమిషాల్లో ఆ ఆన్-ఆఫ్ పని చేసే మాస్‌ఫెట్ ఐఆర్ఎఫ్840 వేలు పెట్టనివ్వట్లేదు, ట్రాన్స్‌ఫార్మర్ కూడా మరుగుతోంది. హీట్‌సింక్ పెద్దది చేశాడు, ఫ్యాన్ బిగించాడు, అయినా రెండు మాస్‌ఫెట్‌లు పోయాయి. ట్రాన్స్‌ఫార్మర్ కోర్ (తీగ చుట్టలు కూర్చునే ఫెరైట్ దిమ్మ) పాత కంప్యూటర్ సప్లై నుంచి తీసిన ఈఐ33 సైజుది. లైను వైపు ప్రైమరీ 45 చుట్లు, అవుట్‌పుట్ వైపు సెకండరీ 18 గేజి తీగ ఒక్క పోగుతో 6 చుట్లు. ఫ్రీక్వెన్సీ తేల్చే ఆసిలేటర్‌కు 10 కిలో ఓమ్‌లు, 2.2 నానోఫారడ్లు. మాస్‌ఫెట్‌ను ఆన్-ఆఫ్ చేసే కాలు, అంటే గేటుకు 100 ఓమ్‌లు, కరెంటును కొలిచే సెన్స్ రెసిస్టర్ 0.22 ఓమ్, అవుట్‌పుట్‌లో 6ఏ10 డయోడ్లు రెండు జంటగా. చివరికి అడిగింది: "ఇంకా పెద్ద ఫ్యాన్ పెట్టాల్నా అన్నా, లేకుంటే ఫ్రీక్వెన్సీ తగ్గించాల్నా?"

రెండూ వద్దు తమ్మీ. నీ కోర్ ముక్కల మధ్య గ్యాప్ (గాలి సందు) లేదు, ముందు అది సరిచెయ్. ఆ తర్వాత గేటు రెసిస్టర్, మాస్‌ఫెట్ వోల్టేజి రేటింగు, అవుట్‌పుట్ డయోడు. ఈ నాలుగూ మారిస్తే ఫ్యాన్ లేకుండానే నీ లోడు నడుస్తుంది. ఎందుకో చెప్తా, జర ఓపికగా చదువు.

కంప్యూటర్ సప్లైలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ హాఫ్‌బ్రిడ్జ్, ఫార్వర్డ్ అనే వేరే పద్ధతులకు చేసింది. అందులో ప్రైమరీకి ఇచ్చిన శక్తి అదే క్షణంలో సెకండరీకి దాటిపోతుంది, కోర్ దాన్ని దాచుకోవాల్సిన పని లేదు. అందుకే కోర్ ముక్కలు రెండూ సందు లేకుండా అతికించి ఉంటాయి. ఫ్లైబ్యాక్ పద్ధతి వేరే. మాస్‌ఫెట్ ఆన్‌లో ఉన్నంతసేపు సెకండరీ డయోడు మూసుకుని ఉంటుంది. వచ్చిన శక్తి అంతా కోర్ లోపలే నిలవాలి, మాస్‌ఫెట్ ఆఫ్ అయ్యాకే బయటికి పోవాలి. ఆ నిలవ ఉండేది ఫెరైట్‌లో కాదు, దాదాపు అంతా ముక్కల మధ్య ఉన్న గాలి సందులోనే. సందు లేకపోతే దాచుకునే చోటే లేదు. చిన్న చెంబుతో డ్రమ్ము నింపాలని చూస్తున్నట్టు అన్నమాట.

నీ లెక్కే వేసి చూపిస్తా. 60 వాట్లు బయటికి రావాలంటే, 80 శాతం సామర్థ్యం అనుకుంటే, లోపలికి 75 వాట్లు పోవాలి. 3842లో ఫ్రీక్వెన్సీ 1.72ను ఆసిలేటర్ రెసిస్టర్, కెపాసిటర్ల లబ్ధంతో భాగిస్తే వస్తుంది. నీ విలువలకు సుమారు 78 కిలోహెర్ట్జ్. అంటే ఒక్కో సైకిల్‌కు కోర్ మోయాల్సింది దాదాపు ఒక మిల్లీజూల్. ఇప్పుడు గ్యాప్ లేని ఈఐ33 మీద 45 చుట్లు చుడితే ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) ఆరు మిల్లీహెన్రీల దాకా వస్తుంది. అంత ఇండక్టెన్స్ ఉన్న ఈ కోర్ 0.3 ఆంపియర్ దగ్గరే నిండిపోతుంది. అప్పటికి అందులో నిలిచేది 0.3 మిల్లీజూల్ కూడా ఉండదు. 78 వేలతో గుణిస్తే లోపలికి 22 వాట్లు, బయటికి 18 వాట్లు. పన్నెండు వోల్టుల దగ్గర అది ఒకటిన్నర ఆంపియర్. ఒక ఆంపియర్ దాకా బాగుండి, రెండు దగ్గర కాలుతోందని నువ్వు రాసినప్పుడే నాకు గ్యాప్ మీద అనుమానం వచ్చింది.

కోర్ నిండాక ప్రైమరీ ఇంకా ఇండక్టర్‌లా పనిచెయ్యదు, ఉత్త రాగి తీగలా మిగులుతుంది. దాని వెనక 325 వోల్టుల డీసీ ఉంది. కరెంటు నిలువునా లేస్తుంది, సెన్స్ రెసిస్టర్ ఆపేదాకా లేస్తూనే ఉంటుంది. 3842 సెన్స్ పిన్ 1 వోల్టు దగ్గర కోస్తుంది. నువ్వు పెట్టిన 0.22 ఓమ్‌కు అది నాలుగున్నర ఆంపియర్లు! అంటే ప్రతి సైకిల్‌లోనూ మాస్‌ఫెట్ ఆ భారీ కరెంటును మోసుకుంటూ ఆఫ్ కావాల్సి వస్తోంది. ఇంకో సంగతి కూడా ఉంది. పవర్ ఫెరైట్ గది వేడిలో అర టెస్లా దాకా తట్టుకుంటుంది కానీ వంద డిగ్రీల దగ్గర అది 0.39కి పడిపోతుంది. వేడెక్కినకొద్దీ ఇంకా ముందే నిండుతుంది, నిండినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. మొదటి నిమిషం బాగుండి ఐదో నిమిషంలో మాస్‌ఫెట్ ఢాం అనడం అందుకే.

ఇదంతా నమ్మకం మీద వదిలెయ్యకు, కొలిచి చూడు. సప్లై తీసేసి, పెద్ద కెపాసిటర్ ఖాళీ చేసి, ట్రాన్స్‌ఫార్మర్‌ను బోర్డు నుంచి విప్పి ప్రైమరీ ఇండక్టెన్స్ కొలువు. ఎల్‌సీఆర్ మీటరు లేకపోతే ఆన్‌లైన్‌లో దొరికే చవక కాంపోనెంట్ టెస్టర్ కూడా సరిపోతుంది, ఇక్కడ మనకు కావాల్సింది ఒక అంచనా అంతే. మిల్లీహెన్రీల్లో చూపిస్తే గ్యాప్ లేదు. నీ సప్లైకి ఉండాల్సింది 500 మైక్రోహెన్రీల చుట్టుపక్కల, అంటే అర మిల్లీహెన్రీ.

గ్యాప్ ఎంత? 45 చుట్లు, 118 చదరపు మిల్లీమీటర్ల కోర్ మధ్య కాలు, 500 మైక్రోహెన్రీలు అనుకుంటే మొత్తం 0.6 మి.మీ. కాగితం వేసి గ్యాప్ చేస్తే మధ్య కాలు దగ్గర ఒకసారి, పక్క కాళ్ల దగ్గర ఒకసారి సందు వస్తుంది కాబట్టి కాగితం మందం అందులో సగమే, 0.3 మి.మీ. ఈ సగం లెక్క మర్చిపోయి రెట్టింపు గ్యాప్ పెట్టుకుని, ఇండక్టెన్స్ పడిపోయి, మళ్లీ ఇంకో రకం వేడి తెచ్చుకున్నవాళ్లను చూశాను. కాగితం కోసం ఎక్కడెక్కడో వెతకొద్దు. బోరు మోటార్లు రీవైండింగ్ చేసే ఏ షాపులోనైనా లేథరాయిడ్ కాగితం ఉంటుంది. 10 మిల్ అని అడుగు, అది పావు మిల్లీమీటరు. దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ పసుపు టేపు ఒక పొర వేస్తే 0.3కి వచ్చేస్తావు. ఆ తర్వాత లెక్కను పక్కన పెట్టి మీటరును నమ్ము: 450 నుంచి 550 మధ్యలో చూపిస్తే చాలు. కాగితం వేశాక కోర్‌ను టేపుతో గట్టిగా బిగించి కొలవాలి, వదులుగా పట్టుకుంటే ప్రతిసారీ ఒక్కో అంకె వస్తుంది.

కోర్ ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ పెట్టి తన్నకు, ఫెరైట్ పింగాణీ లెక్క పగుల్తుంది. నీళ్లలో వేసి పది పదిహేను నిమిషాలు మరిగించు, వార్నిష్ మెత్తబడుతుంది, గుడ్డతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిపితే వచ్చేస్తుంది. పగిలిన ముక్కను జిగురుతో అతికించి వాడదామనుకోకు. అతుకు దగ్గర లెక్కలో లేని ఇంకో సందు పుడుతుంది, ఎంతో నీకే తెలియదు.

కోర్ చేతికి వచ్చాక చుట్టడం కూడా మళ్లీ చుట్టు. 18 గేజి తీగ మందం 1.2 మి.మీ. దాటుతుంది. 78 కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి పైపొరలో పావు మిల్లీమీటరు లోతు దాకానే పారుతుంది, మధ్యలో రాగి ఉండీ లాభం లేదు. పైగా ఒక చుట్టు అయస్కాంత క్షేత్రం పక్క చుట్టును వేడెక్కిస్తుంది. నీ ట్రాన్స్‌ఫార్మర్ మరగడంలో దీని వాటా కూడా మస్తుగా ఉంటుంది. 26 గేజి తీగ తొమ్మిది పది పోగులు తీసుకుని, చేతి డ్రిల్లుతో మెల్లగా పురి పెట్టి దాంతో 6 చుట్లు వెయ్. పది పోగులా అని ఆశ్చర్యపోవద్దు. ఫ్లైబ్యాక్ సెకండరీలో కరెంటు త్రికోణంగా తన్నుకొస్తుంది, 5 ఆంపియర్ల డీసీకి తీగలో పారేది ఏడు ఆంపియర్లకు పైనే ఉంటుంది.

చుట్టే వరుస ముఖ్యం. ప్రైమరీ సగం కింద, దాని మీద సెకండరీ, దాని మీద మిగతా ప్రైమరీ సగం. ప్రైమరీకీ సెకండరీకీ మధ్య పసుపు టేపు మూడు పొరలు, అంచుల్లో మూడు మిల్లీమీటర్లు ఖాళీ. ఈ ఖాళీ దగ్గర పిసినారితనం చేయకు, అటువైపు కరెంటు లైను, ఇటువైపు నువ్వు చెయ్యి పెట్టే వైరు. ఇలా పొరలుగా చుడితే లీకేజీ ఇండక్టెన్స్ (ప్రైమరీలో సెకండరీతో కలవని భాగం) తగ్గుతుంది. కొలవడం తేలిక: సెకండరీ కాళ్లు రెండూ కలిపి సోల్డర్ చేసి ప్రైమరీ కొలువు. 15 మైక్రోహెన్రీల లోపు వస్తే బ్రహ్మాండం. 50 వచ్చిందనుకో, రెండు ఆంపియర్ల పీక్‌తో దాదాపు ఎనిమిది వాట్లు ఆ లీకేజీలోనే పుట్టి స్నబ్బర్‌లోనో (లీకేజీ పోటును మింగే డయోడు, రెసిస్టర్, కెపాసిటర్ల గుంపు) మాస్‌ఫెట్‌లోనో కాలిపోతాయి.

ఇక మాస్‌ఫెట్. ఐఆర్ఎఫ్840 మంచి పార్టే కానీ అది 500 వోల్టులది. 230 వోల్టుల లైనుకు లోపలి డీసీ వోల్టేజి 325. ఆఫ్ అయినప్పుడు సెకండరీ వైపు నుంచి చుట్ల నిష్పత్తి ప్రకారం మరో 95 దాకా వచ్చి కలుస్తుంది. దాని మీద లీకేజీ స్పైకు (క్షణకాలపు వోల్టేజి పోటు) ఎంత లేదన్నా వంద. 520 అయింది కదా, అప్పుడే హద్దు దాటింది. మన ఊళ్లల్లో రాత్రి పదకొండు దాటాక, వ్యవసాయ మోటార్లు బంద్ అయితే లైను 250, 260కి లేచే చోట్లు ఉన్నాయి. 260 అంటే డీసీ 367. అప్పుడు మాస్‌ఫెట్ ప్రతి సైకిల్‌లో బ్రేక్‌డౌన్ అవుతుంది. వెంటనే చావదు, స్పైకును తానే మింగుతూ వేడెక్కుతుంది. చాలామందికి ఇది తెలియక 'పనిచేస్తోంది కదా' అనుకుంటారు. 650 వోల్టులది కనీసం, 800 అయితే నిశ్చింత. అలాగే ఇన్‌పుట్ కెపాసిటర్ 400 వోల్టులదైతే 450ది వెయ్.

చాలామంది చేసే పని ఒకటుంది: వేడెక్కుతోందంటే ఎక్కువ ఆంపియర్ల మాస్‌ఫెట్ వేస్తారు, లేదంటే రెండు జంటగా కలుపుతారు. నీ సప్లై సరిగ్గా ఉంటే ప్రైమరీలో పారేది 0.6 ఆంపియర్ చిల్లర. ఆన్ నిరోధం వేడికి రెట్టింపైనా దానివల్ల పుట్టే వేడి ఒక వాట్ లోపే. అంటే నష్టం ఆన్‌లో లేదు, మారే క్షణంలో ఉంది. పెద్ద మాస్‌ఫెట్‌కు గేటు చార్జీ ఎక్కువ, లోపలి కెపాసిటెన్స్ ఎక్కువ, మారడానికి ఇంకా సమయం పడుతుంది. వేడి తగ్గకపోగా పెరుగుతుంది.

మారే క్షణం అన్నాను కాబట్టి నీ 100 ఓమ్‌ల గేటు రెసిస్టర్ దగ్గరికి వస్తా. 840 ఆఫ్ కావాలంటే గేటు నుంచి 32 నానోకులంబుల మిల్లర్ చార్జీ (వోల్టేజి మారేటప్పుడు గేటును పట్టి ఉంచే చార్జీ) బయటికి లాగాలి. 100 ఓమ్‌ల గుండా లాగితే అర మైక్రోసెకను పడుతుంది. ఆ అర మైక్రోసెకను పాటు దాని మీద నాలుగు వందల వోల్టులూ ఉంటాయి, రెండు ఆంపియర్లూ ఉంటాయి. సెకనుకు 78 వేల సార్లు అలా జరిగితే పది వాట్లు దాటిపోతుంది, అన్నీ ఆ చిన్న చిప్‌లోనే. గేటు రెసిస్టర్ 10 నుంచి 22 ఓమ్‌ల మధ్య వెయ్. అప్పుడు ఆ నష్టం రెండు మూడు వాట్లకు దిగుతుంది. 3842 ఒక ఆంపియర్ దాకా తోయగలదు, భయం లేదు. గేటు నుంచి సోర్సుకు ఒక 10 కిలో ఓమ్‌లు కూడా పెట్టు.

గ్యాప్ సరిచేశాక సెన్స్ రెసిస్టర్ 0.47 ఓమ్ వెయ్, పీక్ రెండు ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. వైర్‌వౌండ్ వద్దు, తీగ చుట్టిన రెసిస్టర్‌కు సొంత ఇండక్టెన్స్ ఉంటుంది, తప్పుడు స్పైకులు పుడతాయి. మెటల్ ఫిల్మ్ లేదా ఆక్సైడ్, రెండు వాట్లది. అక్కడి నుంచి మూడో పిన్‌కు 1 కిలో ఓమ్, 470 పికోఫారడ్ల ఫిల్టరు.

6ఏ10 గురించి. మన దగ్గర ఏ ఎలక్ట్రానిక్ దుకాణంలో '5 ఆంపియర్లకు డయోడు ఇయ్యన్నా' అన్నా చేతిలో పెట్టేది అదే. ఇన్వర్టర్ చార్జింగ్‌కు, ఇనుప కోర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు భేషైన డయోడు. కానీ అది 50 హెర్ట్జ్ సరుకు. ఆఫ్ కావడానికి మైక్రోసెకన్లు తీసుకుంటుంది, నీ మొత్తం సైకిలే పదమూడు మైక్రోసెకన్లు. మాస్‌ఫెట్ ఆన్ అయ్యే సమయానికి ఆ డయోడు ఇంకా తలుపు తెరిచే ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ గుండా షార్ట్ పడినట్టే. గ్యాప్ లేని కోర్‌లో కరెంటు సున్నాకు దిగే అవకాశమే తక్కువ కాబట్టి నీ విషయంలో ఈ దెబ్బ ప్రతి సైకిల్‌లోనూ పడుతోంది. రెండు జంటగా వేయడం వల్ల ఏమీ మారదు, రెండూ మందకొడివే.

వేగంగా ఆఫ్ అయ్యే షాట్కీ డయోడు వెయ్, ఎంబీఆర్20100. కంప్యూటర్ సప్లై నుంచి పీకితే జాగ్రత్త: 5 వోల్టుల లైనులో ఉండేది తరచూ 45 వోల్టులది. నీకు కావాల్సింది ఎంత అంటే, 367ను చుట్ల నిష్పత్తి 7.5తో భాగించి 12 కలిపితే 61 వోల్టులు. 45ది రాత్రికి రాత్రే షార్ట్ అవుతుంది. 100 వోల్టులదే సరి. దానికీ హీట్‌సింక్ కావాలి, అయిదు ఆంపియర్లకు మూడున్నర వాట్లు పుడతాయి. ఈ వేడి దోషం కాదు, సహజం.

అవుట్‌పుట్ కెపాసిటర్ ఒక్కటే ఉందా? ఫోటోలో సరిగ్గా కనపడలేదు. వాటి మీద అయిదు ఆంపియర్ల దాకా రిపుల్ (ఎగుడుదిగుడు కరెంటు) పారుతుంది. మామూలు 2200 ఒకటి వేస్తే అది ఉబ్బుతుంది. తక్కువ ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం) ఉన్న 1000 మైక్రోఫారడ్లు, 25 వోల్టులవి మూడు నాలుగు జంటగా వెయ్.

స్నబ్బర్‌లో 1ఎన్4007 డయోడు ఉంటే తీసేసి, వేగంగా ఆఫ్ అయ్యే యూఎఫ్4007 పెట్టు. విలువలు లీకేజీ కొలిచాక చూద్దాం.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, ఫ్రీక్వెన్సీ తగ్గించడం. వినడానికి న్యాయంగానే ఉంటుంది, తక్కువ సార్లు మారితే తక్కువ నష్టం అని. కానీ సెకనుకు సైకిళ్లు తగ్గితే అదే 75 వాట్లకు ఒక్కో సైకిల్ మోయాల్సింది పెరుగుతుంది. ఇప్పటికే నిండి పొంగుతున్న కోర్ మీద ఇంకా బరువు వేసినట్టు. 40 కిలోహెర్ట్జ్‌కు తెచ్చావంటే నీకు ఒక ఆంపియర్ కూడా సరిగ్గా రాదు. గ్యాప్ సరిచేశాక, కొంచెం వేడి మిగిలిందనుకుంటే, అప్పుడు 65 దాకా దించి చూడొచ్చు.

మార్పులన్నీ చేశాక నేరుగా లైనుకు పెట్టొద్దు. సీరీస్ బోర్డు మీద వంద వాట్ల బల్బుతో పెట్టు. పెట్టగానే ఒక్కసారి మెరిసి ఆరిపోతే బాగున్నట్టు. లోడు లేకుండానే వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. బల్బు మీద రెండు ఆంపియర్ల లోడు పెట్టి పరీక్షించకు, బల్బు వోల్టేజి తినేసి సప్లై తడబడుతుంది, అది వేరే రోగంలా కనిపిస్తుంది. లోడు పరీక్షకు బల్బు తీసేసి ఫ్యూజ్ మీద పెట్టు, ప్లగ్గులో పెట్టే వాట్ మీటరు ఉంటే ఇంకా మంచిది. లోపలికి ఎన్ని వాట్లు పోతున్నాయి, బయటికి ఎన్ని వస్తున్నాయి, ఆ తేడానే నీ వేడి. రెండు ఆంపియర్లకు, అంటే 24 వాట్లకు, లోపలికి 30 పోతే ఆరోగ్యంగా ఉన్నట్టు. 40 పోతే ఇంకా ఏదో తింటోంది.

ఆసిలోస్కోప్ దొరికితే సెన్స్ రెసిస్టర్ మీద చూడు. గీత ఏటవాలుగా, వంపు లేకుండా లేచి కోసుకుపోవాలి. చివర్లో పైకి వంగి లేస్తే కోర్ నిండుతోంది అని, ఇంకా గ్యాప్ కావాలి. కానీ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్రైమరీ వైపు స్కోప్ పెట్టొద్దు. స్కోప్ గ్రౌండ్ క్లిప్పు భూమికి కలిసి ఉంటుంది, నీ బ్రిడ్జి మైనస్ లైనుతో ఉంటుంది, కలిపావంటే రెండూ పోతాయి. కొందరు స్కోప్ ఎర్త్ పిన్ను కోసేసి వాడతారు, కాలేజీ ల్యాబుల్లో కూడా చూశాను. అప్పుడు స్కోప్ రేకు మొత్తం లైవ్ అవుతుంది. ఆ పని చేయకు.

వేలు పెట్టనివ్వట్లేదు అన్నావు. అసలు వేలు ఎందుకు పెట్టావు తమ్మీ? మాస్‌ఫెట్ వెనక రేకు దాని డ్రెయిన్ కాలుకు కలిసే ఉంటుంది, దాని మీద నాలుగైదు వందల వోల్టులు ఆడుతుంటాయి. మైకా వాషర్ పగిలి ఉంటే హీట్‌సింక్ కూడా అంతే. ఆఫ్ చేశాక కూడా పెద్ద కెపాసిటర్ 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్నాకే ముట్టుకో. వేడి కొలవడానికి ఇన్‌ఫ్రారెడ్ గన్ తెచ్చుకో, కరోనా టైంలో నుదురు దగ్గర పెట్టింది పనికిరాదు, దానికి జ్వరం దాకానే తెలుసు. మెరిసే అల్యూమినియం మీద గన్ తక్కువ చూపిస్తుంది కాబట్టి నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద కొలువు. ట్రాన్స్‌ఫార్మర్ పైన 85, 90 వచ్చినా కంగారుపడొద్దు. పవర్ ఫెరైట్‌లో నష్టం ఎనభై నుంచి వంద డిగ్రీల మధ్యలోనే అన్నిటికంటే తక్కువ ఉంటుంది. 110 దాటితే ఆపెయ్.

ఇవన్నీ చేసినా మాస్‌ఫెట్ మాత్రమే కాలుతుంటే పార్టు నకిలీదేమో చూడాలి. పాతవి పీకి, పేరు చెరిపి, కొత్త పేరు ముద్రించి అమ్ముతున్నారు. హన్మకొండలో కొన్నా కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా ఆన్‌లైన్‌లో తెప్పించినా తగలొచ్చు. పరీక్ష ఇది: గేటుకు 10 వోల్టులు ఇచ్చి డ్రెయిన్ నుంచి సోర్సుకు ఒక ఆంపియర్ పంపి మధ్యలో వోల్టేజి కొలువు. అసలు 840 అయితే 0.85 లేదా అంతకంటే తక్కువ చూపించాలి. ఒకటిన్నర, రెండు చూపిస్తే అది వేరే చిన్న పార్టు, ముసుగు వేసుకుంది. కాజీపేట వైపు నుంచి ఒక ఆంప్లిఫయర్ సప్లై వచ్చింది ఒకసారి, లెక్క అంతా సరిగ్గానే ఉంది, చుట్టడం నాకంటే శుభ్రంగా ఉంది, అయినా కాలుతోంది. ఈ పరీక్షలో దొరికింది. పార్టు మార్చగానే సల్లబడింది.

మరో సప్లై గోదావరిఖని నుంచి వచ్చింది, దాని యజమానికి పగలు ఏ ఇబ్బందీ లేదు, రాత్రి మాత్రమే పోతుంది. అది పైన చెప్పిన 500 వోల్టుల కథే. కాబట్టి 'నాకు పగలు బాగానే ఉంది' అంటే పరీక్ష పూర్తయినట్టు కాదు.

డబ్బా గురించి. అన్నీ సరిగ్గా ఉన్నా 60 వాట్ల దగ్గర 15 వాట్ల వేడి ఎటో పోవాలి. మన దగ్గర మే నెలలో బయటే 44, 45 ఉంటుంది, రేకుల షెడ్డులో గోడకు బిగించిన మూసిన డబ్బా లోపల 60 దాటడం పెద్ద విషయం కాదు. మాస్‌ఫెట్‌లో 4 వాట్లు పుట్టి, హీట్‌సింక్ ఒక్కో వాట్‌కు 10 డిగ్రీలు వేడెక్కేది అయితే, సింకే వందకు చేరుతుంది. అందుకే డబ్బాకు కింద, పైన రంధ్రాలు ఉండాలి, హీట్‌సింక్ రెక్కలు నిలువుగా ఉండాలి, అయిదు ఆంపియర్ల సప్లై మీద ఎండాకాలం మూడున్నరకు మించి గుంజకుండా ఉంటే మేలు. నాలుగు కెమెరాలకు, రెండు పట్టీలకు అది చాలు.

ఫ్యాన్ వద్దని ఎందుకు అన్నానంటే, నీ దుకాణం పత్తి కొనే చోట ఉందని రాశావు. ఫ్యాన్ పత్తి నూగును లోపలికి లాగి 325 వోల్టుల పట్టాల మధ్య పేరుస్తుంది. వానాకాలం తేమ తోడైతే అది కరెంటు పారే దారి అవుతుంది, పైగా అంటుకునే సరుకు. ఇక్కడ నా మాట కొంచెం కటువుగానే ఉంటుంది: ఈ సప్లై బల్ల మీద పెట్టుకుని నేర్చుకో, ఎల్ఈడీ పట్టీలు వెలిగించు, పక్కన నువ్వు ఉన్నప్పుడు ఎంతసేపైనా నడుపు. కానీ రాత్రంతా తాళం వేసి పోయే పత్తి గోదాములో కెమెరాలకు మాత్రం బీఐఎస్ గుర్తు ఉన్న కంపెనీ అడాప్టర్ పెట్టు. నేను ఇన్నేళ్లుగా ఇవే రిపేరు చేస్తున్నా, నా షాపులో కెమెరాలకు ఉన్నది కొన్నదే.

కోర్ మరిగించి గ్యాప్ పెట్టాక మూడు అంకెలు ఇక్కడే రాయి: ప్రైమరీ ఇండక్టెన్స్, సెకండరీ షార్ట్ చేసినప్పటి లీకేజీ, రెండు ఆంపియర్ల లోడుకు ప్లగ్గు దగ్గర వాట్లు. స్నబ్బర్ రెసిస్టర్, కెపాసిటర్ విలువలు వాటిని బట్టి చెప్తా. అప్పటిదాకా కొత్త మాస్‌ఫెట్ కొనకు.